పేరు చెప్పని సాక్షి

టానర్ ఫోర్క్
ఫిబ్రవరి 9

అక్కా,

ఫోన్ చెయ్యకుండా ఉత్తరం రాస్తున్నాడేమిటని తిట్టుకోకు. ఫోన్లు వింటున్నారు. సంఘంలో అందరం ఇకనుంచి పనికొచ్చే సంగతేదైనా కాగితం మీదే రాసుకోవాలని తీర్మానించాం.

సంఘం ఏమిటంటావా? పేపర్లో చూసే ఉంటావు. మన సెనేటరమ్మ మార్గో ఫెన్విక్ ఆ చట్టానికి ఓటేసింది. ఫలానావాడు ఏ అఘాయిత్యం చేసుకుంటాడోనని ఇంట్లోవాళ్ళు వెళ్ళి జడ్జిగారి ముందు నాలుగు కన్నీటి బొట్లు రాలిస్తే చాలు, మనిషి దగ్గరున్న తుపాకులన్నీ పోలీసులు పట్టుకుపోయే చట్టం. ఆవిడ పశువుల డాక్టరుగా ఉన్నప్పుడు మన కొట్టంలో మోకాళ్ళమీద కూర్చుని భుజం దాకా ఆవు కడుపులో చెయ్యి పెట్టి దూడని లాగింది, గుర్తుందా? ఇప్పుడు మెడలో పట్టు గుడ్డ. రాజధానిలో రెండేళ్ళు కాఫీ తాగేసరికి పేడ వాసన మర్చిపోయింది.

మొన్న రైతుల హాల్లో ఎనభైమంది చేరాం. పదవీకాలం అయ్యేదాకా ఆగేది లేదు, మధ్యలోనే ఎన్నిక పెట్టించి దించెయ్యాలని నిర్ణయం. నన్ను చైర్మన్ని చేశారు. ఊళ్ళో తుపాకులు బాగుచేసేవాణ్ణి నేనొక్కణ్ణే, అందరి తుపాకీ నా చేతిలో పడ్డదే, అందుకని. ఎన్నిక పెట్టించాలంటే ఈ నియోజకవర్గంలో మూడువేల ఆరువందల మంది ఓటర్ల సంతకాలు కావాలి. గడువు ఏప్రిల్ ఇరవై. నువ్వు ఎన్నికల ఆఫీసులో ముప్పై ఒక్క ఏళ్ళు పిటిషన్లు తనిఖీ చేసినదానివి. ఏం తప్పులు చేస్తే కొట్టేస్తారో రాసి పంపు.

ఇంకో సంగతి. ఆ బిల్లు మీద విచారణలో ఎవత్తో వచ్చి, తన తమ్ముడి దగ్గర తుపాకులు తీసుకోవడానికి చట్టం లేక నానా అగచాట్లూ పడ్డానని ఏడ్చిందట. పేరు పేపర్లో వెయ్యొద్దందట. ఆ ఏడుపుకే ఓట్లు పడ్డాయట. మాకు సాయానికి వేరే రాష్ట్రం నుంచి ట్రెవర్ కింబాల్ అని ఒకడొచ్చాడు, ఇలాంటి ఎన్నికలు నడపడమే వాడి పని. అలాంటి సాక్షుల్ని అద్దెకి తెస్తారని చెప్పాడు. అద్దె తమ్ముడు, అద్దె కన్నీళ్ళు.

బావకి చేపలు బాగా పెరుగుతున్నాయా?

వెర్నన్

*

లేక్ హార్మన్
ఫిబ్రవరి 17

ఒరే వెర్నన్,

నీ ఫోన్ ఎవరైనా వింటుంటే ముందు వాళ్ళ మీద జాలిపడాలిరా. పోయిన నెల గంటంబావు నీ మోకాలి నొప్పి గురించి చెప్పావు. ఆ వినేవాడికి ఈపాటికి వేరే ఉద్యోగం చూసుకోవాలనిపించి ఉంటుంది.

అడిగావు కాబట్టి చెబుతున్నాను. నీ ఎనభైమంది వీరుల్నీ నేను ఎరుగుదును. వాళ్ళ సంతకాలు ముప్పై ఒక్క ఏళ్ళు చూశాను. వాళ్ళ వీరత్వం హాల్లో కుర్చీలు మడిచేదాకానే.

సంతకం పక్కన ఓటర్ల జాబితాలో ఉన్న ఇంటి అడ్రసు ఉండాలి. పోస్టు బాక్సు నంబరు పనికిరాదు. మీవాళ్ళు సర్కారుకి ఇల్లెక్కడో తెలియకూడదని అందరూ పోస్టు బాక్సే రాస్తారు. సర్కారు వాడే వాళ్ళ ఇంటి ముందు రోడ్డు వేశాడు, మంచు తీస్తున్నాడు, అయినా ఇల్లు వాడికి తెలియదట.

సంతకం పెట్టినవాడు ఓటరై ఉండాలి. ఇది నవ్వులాట అనుకోకు. మీవాళ్ళలో సగంమందికి ఓటు లేదు. సర్కారు జాబితా దేంట్లోనూ పేరుండకూడదని నమోదే చేసుకోలేదు, నమోదైతే కోర్టువాళ్ళు జ్యూరీకి పిలుస్తారని ఇంకో భయం. ఓటు లేనివాళ్ళంతా పోగై ఓటుతో దించుతామని తీర్మానించారన్నమాట. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం.

మూడోది. కాగితం తిప్పేవాడు ప్రతి సంతకాన్నీ కళ్ళారా చూడాలి, చూశానని కింద ప్రమాణం రాయాలి. హోటల్లో గల్లాపెట్టె పక్కన కాగితం పడేసి, వచ్చినవాళ్ళు పెట్టి వెళ్ళండంటే ఆ కాగితం మొత్తం చెత్తబుట్టకే.

ఆ సాక్షి గురించి ఏమీ తెలియకుండా కూతలు కుయ్యకు. విచారణలో ఎవరేం చెప్పారో రికార్డుంటుంది, ఎవరైనా అడిగి చదువుకోవచ్చు. నీకు చదువొచ్చని మన అమ్మ చివరిదాకా నమ్మింది.

రోలండ్ చేపలు బాగానే ఉన్నాయి. అవి సంఘాలు పెట్టవు.

ఐలీన్

*

టానర్ ఫోర్క్
మార్చి 26

అక్కా,

నీ నోరు మంచిది కాదు కానీ నువ్వు చెప్పింది అక్షరాలా జరిగింది. ఇది ఒప్పుకోడానికి నాకెంత కష్టంగా ఉందో నీకు తెలుసు.

మొన్నటికి రెండువేల వంద సంతకాలయ్యాయి. ఓటర్ల జాబితా కాపీ తెచ్చుకుని నేనే కూర్చుని ఒక్కొక్కటీ సరిచూశాను. తొమ్మిదివందలు పనికిరావు. ఓరిన్ బెక్ ఉన్నాడే, సభలో అందరికన్నా పెద్ద గొంతు వాడిదే, బల్ల గుద్ది మాట్లాడతాడు. వాడికి ఇరవై ఆరేళ్ళుగా ఓటు లేదు. తుపాకుల సంతలో మా బల్ల దగ్గరికొస్తే పక్కకి లాగి అడిగాను.

"ఓరిన్, నువ్వసలు ఓటరువి కావటగా?"

"నమోదు చేసుకుంటే నేనెక్కడుంటానో వాళ్ళకి తెలిసిపోదా?"

"నీ గేటు మీద నీ పేరు రెండడుగుల అక్షరాల్లో రాయించావు కదరా."

"అది వేరు. అది నేను రాయించింది."

చివరికి ఆ తొమ్మిదివందల మంది ఇళ్ళకీ తిరిగి, జాబితాలో పేరెక్కించుకోండి బాబూ అని బతిమాలుతున్నాను. తుపాకీ ఉన్నవాళ్ళ పేర్లు సర్కారు రాసుకోకూడదని పుట్టిన సంఘం మాది. ఇప్పుడు ఊళ్ళో తుపాకీ ఉన్నవాళ్ళందరి పేరూ ఇంటి అడ్రసుతో సహా నేనే రాసి సర్కారుకిస్తున్నాను. నువ్వు నవ్వుతావని తెలుసు. నవ్వు.

ట్రెవర్ సంగతి చెప్పాలి. కాళ్ళకి కొత్త బూట్లు, వాటికి ఇంతవరకు బురదంటలేదు. జింకల వేట తుపాకీ చూపిస్తే రెండోవైపు నుంచి పట్టుకున్నాడు. మాంసం చిక్కుడుగింజల కూరలో పంచదార అడిగాడు. కానీ కరపత్రాలు బాగా రాస్తాడు. ఇప్పుడు ఆ ఏడుపు సాక్షి మీద ఒకటి తయారు చేస్తున్నాడు. "తమ్ముడెక్కడ?" అని పెద్ద అక్షరాలతో. ఆ తమ్ముడు అసలు లేడు, కట్టుకథ అని. కింద చైర్మన్‌గా నా సంతకం ఉండాలన్నాడు. సంతోషంగా పెడతానన్నాను. అలాంటి ఆడదాన్ని ఎంత తిట్టినా పాపం లేదు.

వెర్నన్

*

లేక్ హార్మన్
ఏప్రిల్ 3

వెర్నన్,

ఇల్లిల్లూ తిరుగుతున్నావంటే నీ మోకాలికి నూనె రాసుకో. కొత్తగా నమోదైనవాళ్ళు ఆ తర్వాత మళ్ళీ సంతకం పెట్టాలి, పాత సంతకం చెల్లదు. ఇది చెప్పకుండా ఊరుకుందామని రెండు రోజులు ఆలోచించాను. ఊరుకుంటే నీ పిటిషన్ పోయేది. కానీ నా ముప్పై ఒక్క ఏళ్ళలో అడిగినవాడికి తప్పు చెప్పి పంపింది లేదు, ఊరుకుని మునగనిచ్చిందీ లేదు. మూర్ఖుల పిటిషనైనా పిటిషనే.

ఫెన్విక్ మీద నాకేమీ ప్రేమ లేదు. టీవీలో అగుపించడానికి ముఖానికి పొడి రాయించుకుని మరీ ఓటేసింది. నేను కలవడానికి వెళ్ళినప్పుడు గుమ్మంలో నలభై నిమిషాలు కూర్చోబెట్టి, ఆ తర్వాత నా పేరు తప్పు పలికింది. పశువుల్ని చూసిన రోజుల్లో ఆవుల పేర్లు కూడా గుర్తుండేవి ఆవిడకి.

నీ ట్రెవర్ లాంటివాళ్ళని చాలామందిని చూశాను. మీ ఊరి పేరు వచ్చే ఏడాదికి వాడికి గుర్తుండదు.

ఒక్కటి అడుగుతాను. ఆ సాక్షి జోలికి వెళ్ళకు. కరపత్రం మీద సంతకం పెట్టకు. నేను నిన్నెప్పుడూ ఏదీ అడగలేదు, ఇది అడుగుతున్నాను. కారణం రికార్డులో ఉంది. తెప్పించుకుని చదువు.

ఐలీన్

*

టానర్ ఫోర్క్
జూన్ 14

శ్రీమతి ఐలీన్ ప్రూయిట్ గారికి,

చదివాను. చదవమన్నారుగా.

ట్రెవర్ కాపీ తెప్పించి, నవ్వుకోడానికి పనికొస్తుందని మా దుకాణంలో బల్లమీద పెట్టాడు. పేజీ నలభై రెండు. "నా తమ్ముడి భార్య పోయిన మూడో నెలలో వాడు అన్నం మానేశాడు. కుక్కని పక్కింటివాళ్ళకి ఇచ్చేశాడు. పనిముట్లకి, తను పోయాక ఏది ఎవరికో చీటీలు అంటించాడు. నేనూ నా భర్తా వాడి పద్నాలుగు తుపాకుల్నీ దుప్పట్లలో చుట్టి ట్రక్కులో వేసుకెళ్ళాం. వాడు పోలీసులకి ఫోన్ చేసి నన్ను దొంగని చేశాడు. చట్ట ప్రకారం నేను దొంగనే అన్నారు. మర్నాడు అన్నీ తెచ్చి ఇచ్చేశాను."

నా భార్య డెలా చనిపోయిన ఏడాది సంగతి నీకూ నాకూ బావకీ, ఆ వచ్చిన పోలీసు డిప్యూటీ గస్‌కీ తప్ప ఇంకెవరికీ తెలియదనుకున్నాను. నలుగురి మధ్య ఉన్నదాన్ని తీసుకెళ్ళి రాష్ట్రం ముందు పెట్టావు. ట్రెవర్ అది పైకి చదువుతుంటే, చీటీల దగ్గర ఓరిన్ పగలబడి నవ్వాడు. "ఎవడు వీడు, ఆడంగి వెధవ" అన్నాడు. నేనూ నవ్వాను. నవ్వకపోతే తెలిసిపోతుంది కాబట్టి నవ్వాను. నాతో ఆ నవ్వు నవ్వించింది నువ్వు. తోడబుట్టినదానివి.

పిటిషన్ ఆమోదించారు. చెల్లిన సంతకాలు నాలుగువేల పన్నెండు. నీ సలహాల పుణ్యమే, ధన్యవాదాలు. ఎన్నిక సెప్టెంబరులో.

కరపత్రం ఇంటింటికీ వెళ్ళాలంటే ఆగస్టు ఇరవై సభలో అందరి ముందూ నేను సంతకం పెట్టాలి. పెడితే నా అక్క అబద్ధాలకోరు. పెట్టకపోతే ఎందుకు పెట్టలేదంటారు. అన్నీ తెలిసినదానివి కదా, ఇదీ నువ్వే చెప్పు.

వెర్నన్ హాస్కెట్

*

లేక్ హార్మన్
జూన్ 21

వెర్నన్,

అవును, నేనే. ముందే చెప్పాల్సింది. చెబితే నువ్వు ఉత్తరాలు మానేస్తావని భయపడ్డాను. ఇంతకన్నా పెద్ద కారణం లేదు.

రికార్డులో లేనిది ఒకటి చెబుతాను. గస్ వచ్చి తుపాకులన్నీ నీ బల్లమీద వరసగా పెట్టించి, అప్పగించినట్టు నాతో సంతకం పెట్టించుకున్నాడు. "క్షమించమ్మా, చట్టంలో ఇంకో దారి లేదు" అన్నాడు. ఆ తర్వాత పంతొమ్మిది రోజులు నీ దుకాణంలో ఆ విరిగిన కుర్చీలో కూర్చున్నాను. రెండో రోజు నుంచి నువ్వు నాతో మాట్లాడలేదు. కాఫీ పెడితే పారబోశావు. నువ్వు స్నానానికెళ్ళినా తలుపు బయట నిలబడ్డాను. అరవై దాటిన తమ్ముడి స్నానాలగది బయట నిలబడటం నాకేమైనా సరదానా? ఇరవయ్యో రోజు నువ్వు గుడ్లు వేయించుకుని తిన్నావు. నేను బయటికెళ్ళి ట్రక్కులో కూర్చుని ఏడ్చాను. ఆ ఏడుపే నేను విచారణలో ఏడ్చింది. అద్దెది కాదు.

నాకు ఉద్యోగం లేదు, పిల్లల్లేరు, కాబట్టి పంతొమ్మిది రోజులు కూర్చోగలిగాను. అవన్నీ ఉన్న ఆడది ఏం చెయ్యాలిరా? అది చెప్పడానికే వెళ్ళాను. నీ పేరు చెప్పలేదు, ఊరి పేరు చెప్పలేదు. నిన్ను అడక్కుండా వెళ్ళడం తప్పే. అడిగితే వద్దంటావు, వద్దన్నా వెళ్ళేదాన్ని.

నీ సంఘం మీద నాకున్న అభిప్రాయం మారలేదు. సొంత ఇంట్లో చావు తలుపు తట్టినా, ముందు ఆ వచ్చింది సర్కారు మనిషేమోనని చూసే రకం మీరు.

సంతకం పెట్టాలంటే పెట్టు. నన్ను అబద్ధాలకోరు అను. బతికుండి అంటున్నావు, నాకది చాలు.

ఐలీన్

*

టానర్ ఫోర్క్
అక్టోబరు 30

అక్కా,

నాలుగు నెలలు రాయలేదు. రాయబోయి మూడుసార్లు చింపాను.

ఆగస్టు సభకి నూటపాతికమంది వచ్చారు. ట్రెవర్ కరపత్రం పైకి చదివాడు. "తమ్ముడెక్కడ?" అన్నచోట ఆగి చెయ్యి చెవికి ఆనించి విన్నట్టు నటించాడు. హాలంతా నవ్వింది. తర్వాత కలం నా చేతికిచ్చాడు.

నేనేమీ అనుకుని వెళ్ళలేదు. పెట్టేద్దామనే సగం అనిపించింది. కానీ వాడలా చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు చూడు, ఆ బూట్లేసుకుని, ఒళ్ళు మండిపోయింది.

"ఇక్కడున్నాడు" అన్నాను.

ఎవరికీ అర్థం కాలేదు. మళ్ళీ చెప్పాను. "ఆ తమ్ముడు నేనే. చీటీలు అంటించింది నేను. ఆవిడ మా అక్క ఐలీన్. ముప్పై ఏళ్ళు మీ ఓట్లు చూసింది, ఆవిడ అబద్ధం చెప్పగా ఎవరైనా విన్నారా?"

ఓరిన్ లేచాడు. "కూర్చో వెర్నన్, పరువు తియ్యకు."

"ఎవరి పరువు?"

"మనందరిదీ."

"నాకా చట్టం ఇష్టం లేదు, ఆ సెనేటర్ ఇష్టం లేదు. మా అక్క అబద్ధం చెప్పిందని మాత్రం నేను రాయను. మీరెవరైనా రాస్తే వాడి తుపాకీ ఇంక నా బల్ల ఎక్కదు."

అప్పుడు ట్రెవర్ నా భుజం మీద చెయ్యేసి, చిన్నపిల్లాడికి చెప్పినట్టు, ఇలాంటి సంగతులు ఎన్నికయ్యాక మాట్లాడుకుందాం, ఇప్పుడు బయటికి పొక్కితే మన పక్షానికి నష్టం అన్నాడు. చేతులెత్తించారు. అరవై నాలుగు చేతులు లేచాయి, నన్ను చైర్మన్ పదవి నుంచి తీసేశారు. సెనేటర్ని దించడానికి పుట్టిన సంఘం మొట్టమొదట దించింది నన్ను. నవ్వు, నీకు హక్కుంది. ఆ కరపత్రం మాత్రం వెయ్యలేదు.

సెప్టెంబరులో ఫెన్విక్ మూడువందల ఓట్ల తేడాతో ఓడిపోయింది. నేనూ ఆవిడకి వ్యతిరేకంగానే వేశాను. నీకు కోపం రావచ్చు. నా ఇంట్లో ఏముండాలో జడ్జి చెప్పడం ఇప్పటికీ నాకు పడదు, చచ్చేదాకా పడదు. ట్రెవర్ మర్నాడే వెళ్ళిపోయాడు. వెళ్తూ ఓరిన్‌కి షేక్‌హ్యాండిచ్చి "థాంక్స్, ఓవెన్" అన్నాడట.

సభ అయ్యాక నెల రోజులు దుకాణానికి ఈగ కూడా రాలేదు. తర్వాత ఒక సోమవారం ఓరిన్ వచ్చాడు. వాళ్ళ నాన్న వాడిన వేట తుపాకీ గుడ్డలో చుట్టి తెచ్చాడు. సభ ఊసెత్తలేదు.

"స్ప్రింగు కాస్త వదులైనట్టుంది, చూడు."

"రేపటికి చూసిపెడతాను."

"తొందరేం లేదు. వసంతంలో ఇవ్వు."

"వేటకాలం మొదలవుతోంది కదరా."

"ఈ ఏడు వెళ్ళను." తలుపు దాకా వెళ్ళి ఆగాడు. "ఆ రెండో తుపాకీ కూడా రేపు తెస్తాను. దాని స్ప్రింగూ అంతే."

వాడు పోయాక విప్పి చూశాను. స్ప్రింగు కొత్తదానిలా ఉంది. వాడి భార్య జూలైలో వెళ్ళిపోయిందని తర్వాత హోటల్లో తెలిసింది. జూన్‌లో నా చీటీలకి నవ్విన మనిషి వాడే.

గురువారం పాలడిపో మనిషి వచ్చాడు. గురి కుదరడం లేదన్నాడు, కుదురుతూనే ఉంది. ఆ తర్వాత గస్ వచ్చాడు అక్కా, డిప్యూటీ గస్. సొంత తుపాకులు మూడు తెచ్చాడు. తుప్పు అన్నాడు. ఎక్కడా తుప్పు లేదు. అందరికీ వసంతంలోనే కావాలట. అడిగితే మానేస్తారని ఎవరినీ ఏమీ అడగను. పేరు రాయను, చీటీ ఇవ్వను. ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేస్తాను. కాఫీ ఇస్తాను, తాగి వెళతారు. ఇవాళ్టికి ఇరవై మూడు తుపాకులొచ్చాయి. ఒక్కదానికీ రోగం లేదు.

ఇంక పెట్టెలో చోటు లేదు. నావి పద్నాలుగూ బయటికి తీసి దుప్పట్లలో చుట్టి ఉంచాను. మంచు పడకముందే నువ్వూ బావా ట్రక్కు వేసుకుని వచ్చి పట్టుకెళ్ళండి. వసంతం దాకా మీ దగ్గరే ఉండనీ. నీ చట్టం కోసం కాదు. చోటు లేక.

నీ తమ్ముడు
వెర్నన్